క్లచ్ లేని కారులో లెక్కల పరీక్షకు

నాకు లెక్కలంటే ఎంత పడదో, మా అత్తకు మా మామ కారంటే అంత పడదు. అత్తాకోడళ్ళం ఇద్దరం ఆ రెండింటినీ తప్పించుకునే తిరిగేవాళ్ళం. అటువంటిది ఒకరోజు నేను లెక్కల కోసం, ఆమె నా కోసం ఆ కారెక్కాల్సి వచ్చింది.

ముందు కారు సంగతి చెప్పాలి. కొల్లాపూర్‌లో ఒక దొర ఇంట్లో, రెండో యుద్ధానికి ముందు కొన్న నల్ల కారు ఉండేది. జాగీర్లు పోయాక అది కొట్టంలో పడి ఉన్నదనీ, అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయనీ విని మా మామ పోయి బేరం చేసి తెచ్చుకున్నాడు. మాది గొర్లూ మేకలూ పెంచే ఇల్లు. పొట్టేళ్ళను అంగళ్ళకు తోలి అమ్మడం మామ పని. ఆ దొర దగ్గర పనిచేసిన డ్రైవరు వెంట తిరిగి తిరిగి బండి నడపడం నేర్చాడు. మనిషి నిలబడేంత వెడల్పు ఫుట్‌బోర్డులు ఇరుపక్కలా ఉండేవి. వెనక సీటు మీద గొంగడి పరిచి, దారిలో ఈనిన గొర్రెలనూ పిల్లలనూ అందులోనే ఇంటికి తెచ్చేవాడు. ఒకప్పుడు దొర కాలు మీద కాలేసుకుని కూర్చున్న చోట మా గొర్రెపిల్లలు కాళ్ళు ముడుచుకుని పడుకునేవి. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోయేది కాదు.

"గది కారు గాదు, బందెలదొడ్డి" అనేది అత్త. ఎక్కడికైనా నడిచే పోయేది. ఎందుకత్తా అంటే, "నా కాలుకు పంచరు గాదు, పెట్రోలు వొయ్యపన్లేదు" అనేది. మామకు కోపం వచ్చేది. కోపం వస్తే పోయి కారు తుడుచుకునేవాడు. అందుకే మా కారు ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేది.

ఇక నా సంగతి. అరవైలు మొదలైన రోజులు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి నేను బడి చివరి పరీక్షలో, అదే హెచ్చెస్సీలో, లెక్కల్లో తప్పి ఉన్నాను. పాసైతే టీచరు ట్రైనింగుకు పోవాలని ఆశ. చదివే కోడలు ఆ వాడకట్టులోనే లేదు. మా ఇళ్ళల్లో కొత్త కోడలంటే మగనితో పాటు మందెంట పోవాలి. చలికాలమంతా మందలు పైప్రాంతం చేలల్లో మేసి, రాత్రుళ్ళు రైతుల పొలాల్లో ఎరువు కోసం పడుకుని, ఎండలు ముదిరేసరికి కృష్ణ ఒడ్డుకు దిగుతాయి. వంటకూ, పుట్టిన పిల్లలను చూసుకోవడానికీ ఆడమనిషి తోడుండాలి. నేను ఇంట్లో కూర్చుని పుస్తకం పట్టుకుంటే నా పెనిమిటి అక్కడ తానే రొట్టెలు కాల్చుకుంటున్నాడు. మామకు అది మింగుడుపడలేదు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఇల్లు గడవాలి కదా.

"గీసారి గట్టెక్కితే మంచిదే. తప్పితే మాత్రం పుస్తకాలు అటకమీద వెట్టి మందెంట పోవుడే. ఇంకో మాట లేదు" అని తేల్చేశాడు.

అత్త ఆయనతో వాదించలేదు. నాకు బదులు తానే మధ్యమధ్య మంద దగ్గరకు పోయి, ఉన్నన్ని రోజులు ఉండి వచ్చేది. పోయేటప్పుడు నా ముందు పుస్తకం తెరిచిపెట్టి మరీ పోయేది, ఒకసారి తలకిందులుగా పెట్టినా సరే. అక్షరం తెలియని మనిషి నా చదువు మీద ఎందుకంత పట్టు పట్టిందో నాకు అప్పుడు అర్థమయ్యేది కాదు. అడిగితే, "నీకు ఇష్టముంది గద, అంతే" అనేది. ఇష్టమున్న పని చేయడమనేదే ఒక కారణమని అంతకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష పాలమూరులో. అంటే మహబూబ్‌నగర్. మేమంతా పాలమూరే అనేవాళ్ళం. ఒక్కదాంట్లో తప్పినా అన్నీ మళ్ళీ రాయాలి కాబట్టి, అక్కడ చుట్టాలింట్లో ఉండి మిగతా పేపర్లన్నీ రాశాను. లెక్కలకు నడుమ కొన్ని రోజుల ఎడం వచ్చింది. ఇంతలో ఆ ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోసింది. ఇక అక్కడ ఉండకూడదని నన్ను ఇంటికి పంపేశారు. లెక్కల పరీక్ష మధ్యాహ్నం. పొద్దున్నే బస్సెక్కితే అందుకోవచ్చు అనుకున్నాం. తీరా ఆ పొద్దున బస్సే రాలేదు. రోడ్డు మీద నిలబడి నిలబడి నాకు ఏడుపొచ్చింది. మామ ఒకసారి నన్నూ, ఒకసారి ఖాళీ రోడ్డునూ చూశాడు. పోయి కారు తీశాడు. ఆయన పెట్టిన షరతు అటుంచి, బస్సు తప్పి కోడలు పరీక్ష పోగొట్టుకోవడం ఆయనకు కూడా నచ్చలేదు. "నేను గూడ వస్త" అని అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక సీట్లో నా పక్కన కూర్చుంది.

నాగర్‌కర్నూల్ దాటినదాకా బాగానే పోయాం. ఒక ఎద్దులబండి అడ్డం వస్తే గేరు మార్చడానికి మామ క్లచ్ తొక్కాడు. పెడలు కిందికి పోయింది, మళ్ళీ పైకి రాలేదు. కారు రెండు కుదుపులు కుదిపి ఆగింది.

"కిలచ్ వాయె" అన్నాడు మామ.

"పోతే అంత మొఖం ఎందుకు ఏసుకుంటవ్? ఏడ వడ్డదో నేను పోయి ఏరుకొస్త" అని అత్త దిగబోయింది.

మామ నెత్తి కొట్టుకున్నాడు. నిజానికి ఆమె అన్నదాంట్లో సగం నిజమే. మామ కారు కిందికి దూరి చూస్తే, పెడలుకూ ఇంజనుకూ మధ్య ఉండే ఇనుప కడ్డీ విరిగి సగం ముక్క ఎక్కడో పడిపోయింది. పొట్టేళ్ళను కట్టే మేకవెంట్రుకల తాడు డిక్కీలో ఉంటే దాన్ని మడతలు పేని కట్టాడు. పెడలు ఒకసారి పనిచేసింది. రెండోసారికి తాడు తెగింది. బాగుచేసే మిస్త్రీ పాలమూరులో తప్ప ఆ దారిలో ఎక్కడా లేడు. వెనక్కి పోయినా, ముందుకు పోయినా బస్సు లేదు. నేను మందెంట నడుస్తున్నట్టు, నెత్తిన గంపలో గొర్రెపిల్లలు అరుస్తున్నట్టు అప్పుడే కళ్ళ ముందు కనబడింది.

మామ ఫుట్‌బోర్డు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. చుట్ట సగమయ్యాక లేచాడు.

"కిలచ్ లేకున్నా ఇంజను నడుస్తది. ఇంజను సప్పుడు ఇనుకుంట గేరు ఏస్త. గని ఒక్కటే. బండి కదిలిందంటే పాలమూరు దాక ఆగొద్దు. ఆగితే మళ్ళ నూకెటోళ్ళు గావాలె."

పక్క చేనులో జొన్నకళ్ళం చేస్తున్నవాళ్ళను పిలిస్తే వచ్చి వెనకనుంచి నూకారు. నన్ను లోపల కూర్చోబెట్టారు. ఇంజను ముందే హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసి ఉంచారు. కారు ఉరుకు అందుకోగానే మామ తల ఒక పక్కకు వంచి, దొంగ అడుగుల చప్పుడు వింటున్నవాడిలా విని, గేరు కర్రను మెల్లగా తోశాడు. కర్రుమని పళ్ళు కొరికి, గేరు పడింది. నేను ఆయన గురించి అదివరకు రకరకాలుగా అనుకుని ఉంటాను, కానీ ఆ రోజు ఆ చేయి ఆ కర్రను పట్టుకున్న తీరు చూసి మనసులో దండం పెట్టాను.

అత్త మాత్రం లోపలికి రాలేదు. కాసె బిగించి, కారుతో పాటు ఉరికి, ఫుట్‌బోర్డు మీదికి దూకి కిటికీ కమ్మి పట్టుకుని నిలబడింది.

"లోపటికి రాయే, పడ్తవ్!" అని మామ అరిచాడు.

"లోపట కూసుంటే ముందటోనికి నా మాట ఎట్ల ఇనవడ్తది? నువ్వు బండి సూడు, నేను దారి సూస్త!"

ఆ కాలంలో ఆ రోడ్డు మీద మోటార్ల కంటే గొర్లే ఎక్కువ. పైగా మందలు కృష్ణకు దిగే రోజులు. మేం ఎటు పోతున్నామో అటునుంచే మందలన్నీ మా ఎదురుగా వస్తున్నాయి. మామూలు రోజుల్లో కారు ఆపి, మంద దాటిందాకా ఓపిక పట్టాలి. ఆ రోజు ఆగే పని లేదు. మొదటి మంద కనబడగానే అత్త గొంతు లేచింది.

"ఓ అన్నా! బండి ఆగది! కిలచ్ లేదు! మందను చెలుకల్లకు పిల్వు!"

ఆ కాపరికి క్లచ్ అంటే ఏమిటో తెలిసి ఉండదు. ఆగదన్న మాట చాలు. గొర్లను తొందరగా తప్పించాలంటే మా వాళ్ళు వెనకనుంచి కొట్టి తోలరు. తోలితే బెదిరి చెల్లాచెదరవుతాయి. కాపరి తానే పక్క చెలుకలోకి, అంటే మెట్టచేలోకి, ఉరికి తన పిలుపు పిలుస్తాడు. ఒక్కో మందకు ఒక్కో పిలుపు. ఒకడు నాలుక కొడతాడు, ఒకడు ఈల వేస్తాడు, ఒకడు రాగం తీస్తాడు. ఆ పిలుపు వినగానే ముందున్న పొట్టేలు మెడ తిప్పి అటు దూకుతుంది. దాని వెనక రోడ్డు నిండా ఉన్న మంద మొత్తం, దొప్పలో నీళ్ళు ఒంచినట్టు చెలుకలోకి దిగిపోతుంది. మా కారు దుమ్ము రేపుకుంటూ మధ్యలోంచి పోయేది. దాటిన కాపరి ఊరుకునేవాడు కాదు. వెనక్కి తిరిగి, ఎత్తు గడ్డ ఎక్కి, అవతలి మందవాడికి కేక అందించేవాడు. మేం పోయేసరికి ఆ మంద అప్పటికే రోడ్డు దిగుతూ ఉండేది. ఎవరో ఏమిటో తెలియదు, ఎందుకో తెలియదు. ఒక ఆడమనిషి కారు మీద వేలాడుతూ ఆగదని అరిస్తే చాలు, దారి ఇచ్చారు. నా జన్మలో అంత మర్యాద ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఒక మిట్ట మొదట్లో ఇంకో మంద అడ్డం వచ్చింది. కాపరి ఎక్కడా కనబడలేదు. అత్త అటు చూసింది, ఇటు చూసింది. మామ "ఎళ్ళగొట్టు, ఎళ్ళగొట్టు" అని తొందరపెట్టాడు. అత్తకు ఇంకేం తోచలేదు. కారు మీది నుంచే తనకు తెలిసిన పిలుపు గొంతెత్తి పిలిచింది. "హుర్రో... దా దా దా!"

మంద తలెత్తింది. మరుక్షణం గొర్లన్నీ ఒక్కటై మా మీదికే ఉరికొచ్చాయి. ముందు, వెనక, పక్కలకు, ఎటు చూసినా గొర్లే. ఒక పొట్టేలు ఫుట్‌బోర్డు మీద కాళ్ళు పెట్టి అత్త చీర వాసన చూస్తున్నది. మామ బ్రేకు తొక్కాడు. కారు కుదిపి, ఇంజను ఆగిపోయింది.

అది మా మందే.

"ఎళ్ళగొట్టుమంటే రమ్మని పిలుస్తివేందే!" అని మామ స్టీరింగు మీద గుద్దాడు.

"మనయని నాకేం ఎరుక? మన గొర్లను మనం గుర్తువట్టకపోతిమి, అవి నన్ను వట్టె" అన్నది అత్త. ఆ కంగారులో కూడా పొట్టేలు నెత్తి నిమురుతూనే ఉంది.

బావి దగ్గర తిత్తి నింపుకుంటున్న నా పెనిమిటి, ఆయన తోటి కాపరి ఉరికొచ్చారు. నేను ఆయన్ను చూసి నెల దాటింది. పెద్దవాళ్ళ ముందు ఆయన నన్ను పలకరించలేదు, నావైపు చూడనైనా లేదు. తల్లిని మాత్రం అడిగాడు. "అవ్వా, లెక్కలు ఇయ్యాల్నే గద?"

ఊరూరూ తిరిగే మనిషి, పండగ ఎప్పుడో కూడా ఎవరినో అడిగి తెలుసుకునే మనిషి, నా లెక్కల పరీక్ష ఏ రోజో గుర్తు పెట్టుకున్నాడు.

కారు ఆగింది ఎగువ మీద. మిట్ట మీదికి చేరిస్తే అవతల దిగుడు ఉంది, ఉరుకు అందుతుంది. కానీ నూకేదెవరు? ఇంతలో మిట్ట అవతలి నుంచి ఇంకో మంద వస్తున్నది. దాని వెంట ఒక ముసలి కాపరి, ఆయన కొడుకు. మందలు రెండూ కలిశాయంటే మళ్ళీ వేరు చేసేసరికి పొద్దుగూకుతుంది, పైగా నాదంటే నాదని తగువు. అందుకే దారి మీద ఉన్నప్పుడు కాపరి మందను విడిచి పక్కకు పోడు. చావు కబురు వచ్చినా ఇంకొకరిని నిలబెట్టే పోతాడు.

అత్త ఫుట్‌బోర్డు దిగింది. "మీరందరు కార్ల వడుండ్రి. రెండు మందలు నేను సూస్కుంట" అన్నది.

"నా గొర్లు నీ గొంతు ఇనయి గదనమ్మా" అన్నాడు ముసలాయన.

"నీ గొంగడి ఇయ్యే పెద్దనాయినా."

గొర్రెకు తన కాపరి మొఖం కంటే ముందు గొంగడి వాసన తెలుస్తుందని మా వాళ్ళంటారు. కాపరి తన గొంగడిని పరాయివాళ్ళకు ఇవ్వడు. అది వానలో గొడుగు, చలిలో పడక. అయినా ముసలాయన భుజం మీది నుంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అత్త దాన్ని కప్పుకుని, ఆయన పిలుపు ఎట్లా ఉంటుందో ఒకసారి పిలిపించుకుని విన్నది. ఆ మండుటెండలో నల్లగొంగడి కప్పుకుని రెండు మందల నడుమ పోయి నిలబడింది. ఒకవైపు మా పిలుపు, ఇంకోవైపు ఆయన పిలుపు. గొర్లు ఎక్కడివక్కడ ఆగాయి. అబ్బా, ఆ మనిషిని అట్లా చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు రాస్తున్నా జలదరిస్తున్నది.

కాపర్లు నలుగురూ కారు వెనక చేరారు. మామ తలుపు తెరిచి, బయట నడుస్తూ స్టీరింగు పట్టుకున్నాడు. నేను పెద్ద రాయి ఒకటి పట్టుకుని, కారు ఇంత జరిగితే అంత చక్రం వెనక పెడుతూ నడిచాను. చేతులు గీరుకుపోయాయి. మిట్ట మీదికి చేరాక నా పెనిమిటి హ్యాండిల్ తిప్పాడు, ఇంజను అందుకుంది. నేను వెనక తలుపు తీయబోయాను.

"లోపటికి గాదు బిడ్డా" అన్నాడు మామ. "మీ అత్త లేదు. దారి ఎవరు అడుగుతరు? బయట నిలవడు."

ఇది చదివేవాళ్ళకు ఇందులో ఏముందనిపించవచ్చు. మా ఇళ్ళల్లో కోడలు మామ ముందు గొంతెత్తదు. అప్పటిదాకా నేను ఆయనతో తలుపు చాటు నుంచే మాట్లాడేదాన్ని, అదీ అత్త పక్కనుంటేనే. ఆయనే ఇప్పుడు నడిరోడ్డు మీద నిలబడి అరవమంటున్నాడు. కొంగు నడుముకు చుట్టి ఎక్కాను. కారు దిగుడులో ఉరికింది, గేరు పడింది. వెనక్కి తిరిగి చూస్తే అత్త గొంగడిలోంచి చేయి ఎత్తి, పో పో అని ఊపుతున్నది.

మొదటి బండి ఎదురైనప్పుడు నా నోటినుంచి పిల్లి కూత వచ్చింది. "గట్ల గాదు! మీ అత్త లెక్క ఒర్రు!" అన్నాడు మామ. కళ్ళు మూసుకుని, గొంతు చించుకుని ఒర్రాను. బండివాడు ఎద్దులను పక్కకు గుంజాడు. ఆ తర్వాత నన్ను ఆపేవాళ్ళు లేరు. మందలు, బండ్లు, మొక్కజొన్న బస్తాల లారీ, బిజినేపల్లిలో రోడ్డు నడుమ నిలబడి ముచ్చట పెడుతున్న పెద్దమనుషులు, అందరినీ తప్పించాను. సిగ్గు ఏ ఊళ్ళో దిగిపోయిందో నాకు తెలియదు. మామ ఇంజను చప్పుడు వింటూ, నడుమ నడుమ "సెబాష్" అంటూ ఉన్నాడు.

పాలమూరులో పరీక్ష జరిగే బడి ముందు మామ బ్రేకు తొక్కితే కారు ఎగిరిపడి ఆగింది. గంట అప్పటికే కొట్టేశారు. ఉరికాను. హాలులో ఉన్న సారు నా నంబరు అడిగితే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. హాల్ టికెట్ చూపించాను. నా జుట్టులో చిక్కుకున్న గొర్రె ఉన్నినీ, దుమ్ముకొట్టుకుపోయిన మొఖాన్నీ చూసి ఆయన ఏమనుకున్నాడో, కూర్చోమని కాగితం ఇచ్చాడు. లెక్కలు ఎప్పటిలాగే ఉన్నాయి, నా మీద జాలేమీ చూపలేదు. కానీ ఆ రోజు నాకు భయం వేయలేదు. వచ్చినవి చేశాను, రానివాటితో కూడా కొట్లాడాను.

కారును మిస్త్రీ దగ్గర విడిచి సాయంత్రం బస్సులో తిరిగి బయలుదేరాం. ఆ మిట్ట దగ్గర రోడ్డు పక్కన అత్త కూర్చుని ఉంది. మందలను వాళ్ళకు అప్పగించి, మేం ఈ బస్సులోనే వస్తామని ఆగిందట. ఎక్కి నా పక్కన కూర్చుంది. ఏదో అడగబోయింది. మాట రాలేదు. ఎండలో రెండు మందలకు రెండు పిలుపులు పిలిచి పిలిచి ఆమె గొంతు పోయింది. రాశాను అత్తా అని చెప్పబోయాను. నాదీ పోయింది. ఇద్దరం నోళ్ళు తెరిచి ఒకరినొకరం చూసుకుని, చప్పుడు లేకుండా ఎంత నవ్వామో.

మామే మాట్లాడాడు. బస్సులో వాళ్ళందరికీ వినబడేటట్టు, తన కోడలు పాలమూరు దాకా ఎట్లా ఒర్రుకుంటూ వచ్చిందో, లారీ డ్రైవరు ఎట్లా జడిశాడో చెప్పాడు. లేనివి కూడా రెండు కలిపాడు. ముందు సీట్లో కూర్చున్న ఒకాయన అంతా విని, "మంచిగనే ఉన్నది గని, ఇంత జేసినంక పరీక్ష తప్పితే?" అన్నాడు.

అత్త చేయి నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ ప్రశ్నకు మా ఇంట్లో జవాబు ఎప్పుడో అయిపోయిందని మా ఇద్దరికీ తెలుసు.

మామ ఆయన వైపు తిరిగి, పైనుంచి కిందిదాకా చూశాడు.

"తప్పితే మళ్ళ రాస్తది. మళ్ళ తోల్కపోత. నీకేం కష్టం?" అన్నాడు.

నేను అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆ కొంగులో ఇంకా ఆ ముసలాయన గొంగడి వాసన వస్తున్నది. ఆ ఎండాకాలంలో ఫలితాలు వచ్చాయి, లెక్కల్లో కూడా పాసయ్యాను, టీచరునయ్యాను. అదంతా తర్వాతి మాట. నా చదువు నిలిచింది మాత్రం ఆ బస్సులోనే.